అర్థము లేని నడక

ఆశ్వయుజము ప్రవేశించిన తరువాత కోరాపుట్‌లో తెల్లవారి తలుపు తీసినవానికి మరల లోపలికి పోవుటకు మనసొప్పదు. నెలల తరబడి ఎడతెగక కురిసిన వాన అప్పటికి వెనుకపట్టి యుండును. సముద్రమట్టమునకు సుమారు 870 మీటర్ల ఎత్తుననున్న ఆ పట్టణములో మంచు పల్లములలో నిలిచియుండి, ఎండ తగిలినకొలది కొండవాలు వెంట పైకి ప్రాకును. మెట్టలమీద వలిసె పూత పసుపు చల్లినట్లు మొదలగును. చోడిచేలు వెన్ను దీయును. పల్లపు మడులలో వరి పొట్టమీద నుండును. రాయగడ దిగువ ఊరు. అక్కడికి చలి ఇంకను రాదు గాని, నాగావళి ఒడ్డున రెల్లు విరియబూచి, నీటి ఎరుపు విరిగి నది తేటపడుచుండును. అగస్త్య నక్షత్రము ఉదయించిన తరువాత నీరు తేరునని పెద్దలు చెప్పుదురు. నక్షత్రమునకును నీటికిని సంబంధము లేకపోయినను ఆ లెక్క తప్పదు. రెండును ఒక్క కాలముననే వచ్చును గదా!

ఇట్టి ఉదయమున ఒక వర్తకుడు ఇల్లు వెడలెననుకొందము. కొట్టు తెరచుటకు ఇంకను మూడు గంటలున్నది. వసారాలో జపమాలతో కూర్చున్న తల్లి, "ఎక్కడికి నాయనా?" అని అడుగును. "ఊరికే అమ్మా," అని అతడు చెప్పును.

ఊరికే అనునది తెలుగువానికి చాల తేలికయైన మాట. జైన గృహస్థునకు మాత్రము అది అంత తేలిక కాదు.

శ్రావకుని పండ్రెండు వ్రతములలో అనర్థదండ విరమణము ఒకటి. దండమనగా మనస్సుచే గాని, మాటచే గాని, శరీరముచే గాని ప్రాణులకు కలిగించు బాధ. ఇల్లు కట్టుకొనుటలోను, వంటలోను, సేద్యములోను, వర్తకములోను కొంత హింస తప్పదు. గృహస్థు దానిని తగ్గించుకొనగలడే గాని పూర్తిగా విడువజాలడు. ఒక అవసరమును పట్టి వచ్చినది గనుక అది అర్థదండము. ఏ అవసరమును లేక చేసినది అనర్థదండము. సమంతభద్రాచార్యులు రత్నకరండక శ్రావకాచారములో దీనిని ఐదు విధములుగా చెప్పిరి: పాపోపదేశము, హింసాదానము, అపధ్యానము, దుఃశ్రుతి, ప్రమాదచర్య. మొదటి నాలుగును చెడ్డవని తెలిసికొనుటకు పెద్ద విచారము అక్కరలేదు. చెడు సలహా, ఆయుధములు ఎరువిచ్చుట, పరుల చెడు కోరుట, మనస్సును కలత పెట్టు మాటలు వినుట — ఇవి ఏ మతమువారైనను కాదనునవే. ఐదవదియే మనలను నిలువబెట్టును. ఫలము లేకయే నేల త్రవ్వుట, నీరొలికించుట, నిప్పు రగిల్చుట, గాలి విసరుట, చెట్టుచేమలు త్రుంచుట అను వాటిని చెప్పి, ఆ వరుసలోనే ఊరక తిరుగుటను, ఇతరులను ఊరక త్రిప్పుటను గూడ ఆచార్యులు చేర్చిరి.

తల్లికి చెప్పిన మాటయే శాస్త్రములో దోషముగా కనబడుచున్నది! శరదృతువు ఉదయమున తన ఊరిలో, తన వీథులలో, కేవలము ఆనందమునకై నడచుట ప్రమాదచర్యయగునా? ఇట్టి చిన్న సంగతికి ఇంత ధర్మవిచారణ ఎందుకని కొందరికి తోచవచ్చును. కాని పెద్ద పాపములు చేయు అవకాశము చాలమందికి జీవితములో రాదు. దినచర్యలోని చిన్న సంగతులే లెక్కకెక్కునవి.

శాస్త్రము నడకపై ఇంత జాగ్రత్త ఏల వహించినదో ఆ కాలపు బాటను చూచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఆశ్వయుజమాసము చాతుర్మాస్యములోనిదే. సాధువులు ఆషాఢమునుండి కార్తిక పూర్ణిమవరకు విహారము మాని ఒక్కచోటనే యుండుటకు కారణము, ఆ నాలుగు నెలలును నేల అంతయు ప్రాణమయమై యుండుట. వాన తగ్గినంత మాత్రమున ప్రాణము తగ్గదు. కోరాపుట్ వీథులలో తెల్లవారుజామున ప్రతి దీపస్తంభము క్రిందను రాత్రి రాలిన దీపపు పురుగులు కుప్పగా పడియుండును. అన్నియు చచ్చినవి కావు, కొన్ని ఇంకను రెక్కలు కదల్చుచునే యుండును. కాలువ గట్లమీద రోకలిబండలు నెమ్మదిగా బాట దాటుచుండును. రాతిగోడల అడుగున నత్తలుండును. చీమలు వానలో తడిసిన గుడ్లను పొడినేలకు మోసికొనిపోవుచుండును. గడ్డిమీద మంచు బిందువులుండును. జైనులకు ఆ బిందువు అప్కాయ జీవుల నిలయము, ఆ గడ్డి వనస్పతికాయము. తెల్లవారుజామున మంచు గడ్డిమీద పాదరక్షలు లేక నడచినచో కంటిచూపు బాగుపడునని ఈ దినములలో చాలమంది చెప్పుచున్నారు. వారి కండ్ల సంగతి ఎట్లున్నను, గడ్డి సంగతి వారు ఆలోచించినట్లు కనబడదు.

కావున అనర్థదండ వ్రతమును ముసలివారి చాదస్తమని త్రోసివేయుటకు వీలులేదు. నడచు ప్రతివాడును ఎక్కడనో ఒకచోట కాలు మోపవలసినదే.

అట్లని కదలకుండుటయే ధర్మమనియు శాస్త్రము చెప్పలేదు. ఎట్లు నడచిన, ఎట్లు నిలిచిన, ఎట్లు కూర్చుండిన, ఎట్లు మాటలాడిన పాపకర్మము అంటకుండునని దశవైకాలిక సూత్రములో ప్రశ్న వచ్చినది. నడువవద్దని అక్కడ సమాధానము రాలేదు. యతనతో నడువుమని వచ్చినది. సాధువులకు విధించిన ఐదు సమితులలో మొదటిది ఈర్యాసమితి. ముందు ఒక కాడి పొడవు, అనగా నాలుగు మూరల నేల, చూచుకొని అడుగు వేయవలెనని దాని సారము. తత్త్వార్థసూత్రము హింసకు లక్షణము చెప్పునప్పుడు ప్రాణము పోవుటను మాత్రమే చెప్పలేదు, ప్రమత్తుడైనవాని చేష్టవలన పోవుటను చెప్పినది. దానికి సర్వార్థసిద్ధి యను వ్యాఖ్య వ్రాసిన పూజ్యపాదులు, చూచి అడుగు వేయు మునియొక్క పాదము క్రిందికి ఒక చిన్న ప్రాణి వచ్చి చనిపోయినను అతనికి ఆ నిమిత్తమున బంధము లేదను పూర్వుల మాటను చూపిరి. ఏమరియున్నవానికి మాత్రము, ఏ ప్రాణియు చావకపోయినను, హింస అంటనే అంటును.

ఇంతవరకు సులభముగనే యున్నది. చూచి నడచిన చాలునని వర్తకుడు సంతోషింపవచ్చును. కాని ఇచ్చటనే అసలు చిక్కు. ఆనందమునకై నడచువాడు దేనిని చూచును? అతడు వచ్చినది పొగమంచు లేచు కొండను చూచుటకు, శబర శ్రీక్షేత్రమని పేరొందిన జగన్నాథాలయపు గుట్టమీద పడు తొలి ఎండను చూచుటకు, ఎవరి పెరటిలోనో విరిసి గోడ ఇవతలకు రాలిన పారిజాతములను చూచుటకు. ఆచారాంగ సూత్రములో వర్ధమాన మహావీరుల విహారమును వర్ణించిన భాగమున ఆయన బాటపై దృష్టి నిలిపి నడచెనని యున్నది. కొండను చూచు కన్ను నేలను చూడదు. నేలను చూచు కంటికి కొండ కనబడదు. శరత్కాలపు అందమునకును అహింసకును ఒక్క కంటి దగ్గరనే తగవు వచ్చినది.

ఈ తగవును పూర్వులు శిల్పములలో ఒక విధముగా తీర్చిరేమో యనిపించును. కోరాపుట్ జిల్లాలో నందపూరు ప్రాంతమున సుబాయి అను పల్లెలో పాత జైన గుడులు శిథిలములై యున్నవి. ఋషభనాథునివి, మరికొందరు తీర్థంకరులవి అచట విగ్రహములు కలవు. ఆ కొండలమధ్య ఒకప్పుడు శ్రావక సంఘములుండెననుటకు అవి సాక్ష్యము. అచటనే కాదు, దేశమున ఎచ్చట చూచినను జిన విగ్రహములకు రెండే భంగిమలు: కూర్చుండిన పద్మాసనము, నిలిచిన కాయోత్సర్గము. నడచుచున్న తీర్థంకరుని విగ్రహము కానరాదు. జీవితమంతయు కాలినడకన తిరిగినవారిని శిల్పులు నిలిపియే చూపిరి. నడక దేశములు దాటుటకు. చూచుట మాత్రము నిలిచినప్పుడే.

గృహస్థునకు ఇందులో ఒక వాడుక దొరకును. నడచునప్పుడు నేలను చూడవలెను, కొండను చూడగోరినప్పుడు నిలువవలెను. ఇది వినుటకు చాల సామాన్యముగా నున్నది గాని, ఆచరించి చూచినవారికి నడక స్వభావమే మారిపోవును. పది అడుగులు వేసి నిలిచి, పారిజాతపు చెట్టును చూచి, మరల నాలుగు మూరల నేలను చూచుకొనుచు కదలినవాడు గంటకు ఎంతో దూరము పోలేడు. ఆరోగ్యమునకై చేతులూపుచు వడిగా పోవువారు అతనిని దాటిపోయి వెనుకకు తిరిగి చూతురు. చూడనిండు. ఫోను చెవికి ఆనించుకొని నడచువారి సంగతి చెప్పనక్కరలేదు. వారికి కొండయు లేదు, నేలయు లేదు.

వేళ విషయములో గూడ ఒక సౌకర్యము కలదు. భారతదేశ కాలమానమునకు ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశమునకు కోరాపుట్ అతి చేరువలో నున్నది. ఆశ్వయుజ ఆరంభమున అచట సూర్యుడు సుమారు ఆరు గంటలకు పావుగంట ముందు ఉదయించును. నవకారసి పచ్చక్ఖాణము పట్టు కుటుంబములలో సూర్యోదయమునకు తరువాత ఒక ముహూర్తము, అనగా 48 నిమిషములు గడచువరకు నోట నీరైనను పోసికొనరు. బాట కండ్లకు స్పష్టముగా కనబడునట్టిది, వంటింటి పొయ్యి ఇంకను రాజుకొననట్టిది, కొట్టు తాళము తీయనట్టిది ఆ ముహూర్తమే. నాలుగింటికే లేచి చీకటిలో నడచుట గొప్పయని తలచువారు, ఆ చీకటిలో కాలిక్రింద ఏమున్నదో చెప్పలేరు. ఐతే అదే ముహూర్తకాలమును సామాయికమునకు వినియోగించువారున్నారు. వారి దృష్టిలో నడక సామాయికపు సొమ్మును దొంగిలించుటయే. సామాయికమును విడచి నడకకు పోవువానికి ఈ వ్యాసములో వత్తాసు దొరకదు.

ఇక అర్థమను మాటను విచారింపవలెను. తెలుగులో ఈ మాట మూడు పనులు చేయుచున్నది. అర్థమనగా ప్రయోజనము, మాటకు భావము, ధనము. వర్తకుల భాషలో మూడవది మొదటిదానిని మ్రింగివేయుట కలదు. ప్రయోజనమున్న నడకయనగా లాభమున్న నడకయనియు, లాభము లేనిది అనర్థమనియు మనస్సు తనకు తానే తీర్పు చెప్పుకొనును. అనర్థదండమును ఆ విధముగా చదివినచో, పని మీద పోవు వర్తకుడు నిర్దోషియనియు, ఊరికే నడచు వర్తకుడు దోషియనియు తేలును. అది నిజమేనా?

ఈ ప్రాంతపు సంతలను ఎరిగిన కుటుంబములకు ఒక దృశ్యము క్రొత్త కాదు. శుక్రవారము కుందులి సంత, బుధవారము చాటికోన సంత. నియమగిరి కొండలనుండి డొంగ్రియా కోందులు పసుపు, అల్లము, అరటిగెలలు మోసికొని చాటికోనకు తెల్లవారకముందే బయలుదేరుదురు. పాదములతో ఎన్నియో మైళ్లు దిగివత్తురు. ఆ బాటమీదనే, సంతకు ఇంకను కొంత దూరముండగనే, కొందరు కొనుగోలుదారులు ఎదురేగి నిలుచుందురు. బరువుతో అలసియున్నవాడు సంతవరకు మోయుటకంటె అక్కడనే దించుకొనుట మేలనుకొనును. సంతలో నలుగురు కొనువారిని చూచిన తరువాత చెప్పగల ధరను బాటమీద చెప్పలేడు. ఈ పని చేయువారు ఏ ఒక్క కులమువారో, ఏ ఒక్క మతమువారో కారు. ఐనను ప్రతి వర్తక కుటుంబమును తనకు తాను వేసికొనవలసిన ప్రశ్న ఇది. ఆ ఎదురేగినవాడు కూడ శరత్కాలపు ఉదయముననే నడచెను. అవే కొండలు, అదే మంచు. అతని నడకకు అర్థమున్నది, లెక్కపుస్తకములో వ్రాసికొనదగిన అర్థమే యున్నది. వాని వెనుకనే, ఏ పనియు లేక, రెల్లుపూలను చూచుచు ఒకడు పోవుచున్నాడు. ఈ ఇద్దరిలో ఎవని నడక అనర్థము?

కోరాపుట్‌లో ప్రభుత్వోద్యోగిగా పనిచేసిన ఒడియా నవలాకారుడు గోపీనాథ మహాంతి 1945లో ప్రకటించిన పరజా నవలలో ఒక గిరిజన కుటుంబము సాహుకారు అప్పునకు గోతిగా, అనగా వెట్టివానిగా మారి, భూమిని గోల్పోయిన విధమును వ్రాసెను. సాహుకారు చేసినదంతయు పని మీద చేసినదే. అతడు ఊరికే ఒక్క అడుగైనను వేయలేదు.

ప్రయోజనము గొప్పదైనప్పుడు సైతము లెక్క సులభము కాదు. 1951లో తెలంగాణములోని పోచంపల్లిలో భూదానమునకు నాంది పలికిన వినోబా భావే, 1955 వానకాలమును కోరాపుట్ జిల్లాలో కాలినడకనే గడపిరి. అప్పటి కోరాపుట్ జిల్లాలో నేటి రాయగడ, నవరంగపూర్, మల్కనగిరి ప్రాంతములు చేరియుండెను. 1992 అక్టోబరు 2న గాని అవి వేరు జిల్లాలు కాలేదు. వందలకొలది పల్లెలు గ్రామదానమునకు ఒప్పుకొన్నవి. అవి ఎంతవరకు అమలు జరిగెననునది వేరు చరిత్ర. ఇక్కడ చూడవలసినది, సాధువులు నడక మానుకొను ఋతువులోనే ఆయన భూమిలేనివారికై బురదబాటల నడచుట. జైన ధర్మముపై ఆయనకు గౌరవము లేక కాదు. 1974లో అన్ని శాఖలవారును అంగీకరించిన సమణసుత్తము వెలువడుటకు ప్రేరకులు ఆయనయే. 1982 నవంబరు 15న ఆహారౌషధములు విడిచి ప్రాణము వదలినది దీపావళినాడు, అనగా మహావీరుల నిర్వాణ దినమున. ఆయన వానకాలపు నడకలో పాదము క్రింద ప్రాణులు చావలేదని ఎవరును అనలేరు. అది లోకహితమునకు గదా అని ఆ ప్రాణులకు చెప్పి లాభము లేదు. ప్రయోజనము చేసినవాని మనస్సును కొంత శుద్ధి చేయును. నేలపై జరిగినదానిని చెరిపివేయదు.

దీనినిబట్టి తేలునది ఇంతే. అనర్థదండములో దూషింపబడినది లాభము లేకపోవుట కాదు, ఎరుక లేకపోవుట. ప్రమాదచర్య అను పేరులోనే అది యున్నది. ప్రమాదమనగా ఏమరుపాటు. పనిలేని నడకను ఆచార్యులు ఆ పేరు క్రింద చేర్చుటకు కారణము, పనిలేనివాడు సాధారణముగా ఏమరియుండుటయే. అతడు ఏమరక నడచినచో ఆ పేరు అతనికి ఎంతవరకు తగులునో ఆలోచింపవలసియున్నది. పూర్తిగా తగలదని చెప్పుట సాహసము. ఇంటనే కూర్చుండినచో తప్పిపోవు ఒక చీమ చావు, నడకవలన సంభవింపవచ్చును. ఆ భాగమును ఎంత వాదించినను కొట్టివేయలేము.

ఆనందమునకు కూడ ఒక లెక్క కలదు. శ్రావకుడు భోగోపభోగములకు పరిమాణము ఏర్పరచుకొనును: ఇన్ని వస్త్రములు, ఇన్ని పదార్థములు, ఇన్ని వాహనములు. కొండమీది ఎండను ఏ పద్దులో వ్రాయవలెను? అది తరుగదు, ఎవరి వంతును తగ్గించదు, ఇంటికి తెచ్చుకొనుటకు వీలుపడదు. కనుక అది నిరపాయమైన ఆనందమనవచ్చును. ఐతే పరిగ్రహమనగా వస్తువులు కావు, మూర్ఛ, అనగా మమకారమేయని తత్త్వార్థసూత్రము చెప్పుచున్నది. ఆ మమకారము చూపులో గూడ పుట్టగలదు. వలిసె పూత చూచి ముచ్చటపడినవాడే నాలుగడుగులు వేయునప్పటికి, ఈ ఏడు నూనెగింజ ఎంత దిగును, ఏ ధరకు కొని నిలువ చేయవచ్చునని లెక్కకు దిగును. కోరాపుట్ రైలుస్టేషను వైపు బాటలో, రాయగడ పట్టణపు అంచులలో, ఖాళీగా నున్న మెట్టనేల చూచినంతనే గజము వెల నోటికి వచ్చును. ఇది కేవలము అలవాటు. దీనిని పెద్ద పాపమనుట అన్యాయము. ఐనను కండ్లకు కనబడిన కొండ అప్పుడే మాయమైనదని అతడు గమనించినచో చాలును.

తన ఊరిలోనే నడచుట అనుటలో మరియొక విశేషము కలదు. దిగ్వ్రతము పట్టిన శ్రావకుడు జీవితకాలమునకు ఇన్ని దిక్కుల ఇంతదూరము దాటనని హద్దు పెట్టుకొనును. దేశావకాశికములో ఆ హద్దును ఒక దినమునకో, కొన్ని దినములకో, ఊరివరకు, వీథివరకు, ఇంటివరకు కుదించుకొనును. చాతుర్మాస్యమున ఊరు దాటమని నియమము పట్టు గృహస్థులు నేటికిని కలరు. హద్దు అవతల అతనివలన జరుగవలసిన హింస జరుగదు. ఆ మేరకు అతడు సాధువుతో సమానుడని శాస్త్రము మెచ్చుకొనును. వర్తకునకిది కష్టమైన వ్రతము. శరీరము రాయగడలో నుండగా మనస్సు రాయపూరు ధాన్యపు బజారులోను, విశాఖపట్టణపు రేవులోను తిరుగుచుండును. 1931లో రాయపూరు విజయనగరముల మధ్య రైలు బాట పూర్తియైన నాటినుండి రాయగడ వర్తకుని మనస్సు ఆ పట్టాలమీదనే పరుగెత్తుచున్నదనవచ్చును. ఇప్పుడు ఫోనులో క్షణక్షణమును ధరలు వచ్చుచున్నవి.

అట్టివానికి తన వీథి తెలియదు. నలుబదియేండ్లు ఒక్క ఊరిలో కాపురముండి, వెనుక సందులో ఏ చెట్టున్నదో చెప్పలేనివారు పెక్కురు. హద్దు కుదించుకొన్నవానికే ఆ సందు దొరకును. జర్మను తత్త్వవేత్త కాంటు (1724–1804) తన జీవితమంతయు కోనిగ్స్‌బర్గు పట్టణమును, దాని చుట్టుప్రక్కలను దాటి దూరము పోలేదు. ప్రతిదినము సాయంకాలపు నడకను మాత్రము మానలేదు. ఆయనకు దేశావకాశికము తెలియదు గాని, చిన్న హద్దులో పెద్ద మనస్సు పట్టునని ఆయన జీవితము చూపుచున్నది. కోరాపుట్, రాయగడల తెలుగువారికి ఈ హద్దు సంగతి మరియొక విధముగా తెలియును. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడువరకు ఈ ప్రాంతము మద్రాసు రాజధానిలో, విశాఖపట్టణము జిల్లాలో చేరియుండెను. ఒక్క ఉదయమున ఎల్లలు మారినవి. వారి వీథి మాత్రము ఉన్నచోటనే యున్నది.

మన వర్తకుడు ఇంతసేపును నడచుచునే యున్నాడు. సంతరోజు. ఊరి అంచున రెండు ప్రక్కలను మంచు గడ్డి, మధ్య ఒక్క మనిషికి చాలునంత కాలిబాట. ఎదురుగా గిరిజన స్త్రీలు వరుసగా వచ్చుచున్నారు. తలలమీద వంకాయల గంపలు, అడ్డాకుల కట్టలు. వెనుక ఇద్దరు మగవారు కావళ్లతో. బరువు నెత్తిపై నున్నవారు బాట దిగి తొలగలేరు. దిగినచో గంప ఒరుగును. తొలగవలసినవాడు చేతులు ఖాళీగా నున్న అతడే. తొలగవలెనన్నచో గడ్డిమీద కాలు పెట్టవలెను. మంచు బిందువులను తప్పించుకొనుచు ఇంతదూరము జాగ్రత్తగా వచ్చినవాడు ఒక్క క్షణము ఆగెను. చుట్టును చూచెను. ఒక చదునైన రాయి కనబడినది గాని దానిపై నత్త యొకటి ప్రాకుచుండెను. ముందు నడచు ముసలామె దగ్గరకు వచ్చినది. ఆమె అడుగు నెమ్మదించినది. ఈ సాహుకారు ఏమి ధర అడుగునోయని ముఖమున అనుమానము కనబడినది.

అతడు గడ్డిని చూచి, మొక్క పలుచగా నున్నచోట ఒక పాదము మోపి, రెండవ పాదమును దాని ప్రక్కనే చేర్చి నిలిచెను. గంపలు ఒకదాని వెనుక ఒకటి దాటిపోయినవి. ఎవరును ఎవరిని ధర అడుగలేదు.